ఉచిత ప్రవేశం

గేటు దగ్గర టికెట్టు ఎత్తేస్తే జనం వస్తారని, జనం వస్తే పందేలు వాటంతటవే పెరుగుతాయని రేసుకోర్సు మేనేజరును ఒప్పించింది పందేల కిటికీలో కూర్చునే గుమాస్తాయే. ప్రతి పందెం సొమ్ములోనూ పదో వంతు మైదానానికి దక్కుతుంది. ఈ ఆదివారం కూడా ఆ రాబడి పెరగకపోతే మూసేస్తామని యజమానులు తేల్చి చెప్పారు.

జనం నిజంగానే ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. పిల్లలు గుర్రాలకు చేతులూపుతున్నారు, తల్లులు డబ్బాలు విప్పి తినిపిస్తున్నారు. కిటికీ దగ్గర మాత్రం ఈగలు తోలుకోవడమే. ఆఖరి రేసుకు ముందు గుమాస్తా ఉండబట్టలేక జనం కూర్చున్న మెట్ల మీదికి వెళ్లాడు. అక్కడ అతని అక్క మొగుడు ఫోను మీద వేలు ఆడిస్తున్నాడు.

"ఏంటి బావా, ఆడుతున్నావా?"

"ఐదో నంబరు మీద వేశాన్రా."

"ఫోన్లోనా? మా కిటికీ అక్కడే ఉందిగా!"

"మీరు పదో వంతు కోసుకుంటారు. ఈ యాప్ వాళ్లు అందులో సగమే. ఈ వరసంతా ఇంతే, చూడు. గుర్రాల్ని మాత్రం ఊరికే చూపించావు, పుణ్యం కట్టుకున్నావు పో!"

"మైదానం మూసేస్తే ఏ గుర్రాన్ని చూస్తావు బావా? నా ముఖం చూసి ఒక్క పందెం వెయ్యి."

బావ నవ్వు ఆగిపోయింది. జేబులు తడుముకున్నాడు. "ఉన్నదంతా ఇందులోనే పెట్టేశాన్రా," అన్నాడు ఫోను చూపిస్తూ.

గంట మోగింది. వేల గొంతులు ఒక్కసారి లేచాయి. గుర్రాలు కదలగానే కిటికీ మూసెయ్యాలన్నది నియమం. దాన్ని మూయడానికైనా వెళ్లకుండా గుమాస్తా బావ పక్కనే కూర్చుండిపోయాడు.