జాడీలింటి పనిమనిషి

ఓక్‌బున్ ముసలమ్మను గోడవైపు తిప్పి, నడుం కింద దిండు దోపి, వెచ్చటి తడిగుడ్డతో వీపు తుడుస్తూనే, అత్తగారిని ఇవాళ ఏ విధంగా సర్వనాశనం చెయ్యాలా అని హ్యాంగ్నాన్ ఆలోచిస్తోంది. సొంత అత్తగారు కాదు. ఆవిడ చైనాలో, కొరియావాళ్ళు స్థిరపడ్డ యన్‌బ్యన్‌లో ఎప్పుడో పోయింది, పాపం మంచిదే. ఈ అత్తగారు టీవీ సీరియల్లో మనిషి. 'జాడీలిల్లు' అనే ఆ సీరియల్లో సోయా పచ్చళ్ళ కంపెనీకి యజమానురాలు. మెడలో ముత్యాలు, నోట్లో విషం.

కొరియాలోని ఇంచన్ ఊళ్ళో, మందుల దుకాణం పైన మూడో అంతస్తులో ఉన్న ఆ వృద్ధుల ఆసుపత్రిలో ఆరు మంచాల గది హ్యాంగ్నాన్‌ది. పనీ అక్కడే, పడకా అక్కడే. రెండు మంచాల మధ్య నేలకు జానెడెత్తున ఉండే చిన్న పడకే ఆమె ఇల్లు. అరవై దాటింది. పొట్టి మనిషి, బిగుతుగా రింగులు తిప్పించిన జుట్టు, మోకాళ్ళు వంచినప్పుడల్లా చప్పుడు చేస్తాయి. రోజంతా మందునీళ్ళతో కడిగీ కడిగీ వేళ్ళ చివర్లు పగిలిపోయాయి. మనుషుల్ని ఎత్తీ దించీ కుడిభుజం ఎడమభుజం కంటే లావైంది. నోరు విప్పితే చాలు, ఆ ఉత్తరాది యాస విని కొత్తగా వచ్చిన బంధువులు తమ చేతిసంచులు ఒళ్ళోకి లాక్కుంటారు. కొరియా సినిమాల్లో కత్తులు పట్టుకుని తిరిగే వాళ్ళంతా ఆమె ఊరివాళ్ళే మరి. ఆ సినిమాలు తీసినవాళ్ళందరినీ వరసగా పడుకోబెట్టి, వాళ్ళ డైపర్లు మార్చకుండా వదిలెయ్యాలని ఆమెకు కోరిక.

తిండి మానేసినా సీరియళ్ళు మానదు. కొరియావీ చూస్తుంది, చైనావీ చూస్తుంది, రెండు భాషలూ సొంతమే కనక ఎవరూ ఆమెకు అనువాదం చేసిపెట్టక్కర్లేదు. పగ తీర్చుకోవడం కొరియావాళ్ళకి చేతకాదని ఆమె గట్టి అభిప్రాయం. ముఖాన గ్లాసుడు నీళ్ళు కొడతారు, కిమ్చీ క్యాబేజీ పచ్చడితో చెంప పగలగొడతారు, ఆ ఊపు చూసి మనం లేచి కూర్చునేసరికి కథానాయికను లారీ గుద్దేస్తుంది, గతం మర్చిపోతుంది. చివరి భాగంలో 'మూడేళ్ళ తర్వాత' అని అక్షరాలు పడతాయి, పాపాలు చేసినవాళ్ళూ పడ్డవాళ్ళూ కలిసి పార్కులో పళ్ళు తింటారు. థూ. ఈ మధ్య వస్తున్న పొట్టి సీరియళ్ళలో నెత్తురు ఎక్కువ, కుళ్ళబెట్టడం తక్కువ. శత్రువును చంపేస్తే ఇంక ఏడ్చేదెవరు? చైనా అంతఃపురం కథలే అసలైనవి. అందులో ఆడది వానలో మోకాళ్ళ మీద కూర్చుంటుంది, రాజు వెలివేసిన రాణుల్ని పడేసే చలిమహల్లో కుళ్ళుతుంది, నవ్వుతూ టీ పోస్తుంది, పోస్తూ పోస్తూ ఒక్కొక్కరినీ వేరుతో పీకేస్తుంది. చివరికి సింహాసనం మీద ఒంటరిగా కూర్చుంటుంది. ఎవరినీ క్షమించదు. హ్యాంగ్నాన్‌కు ఆ ముఖం చూస్తే కడుపు నిండుతుంది.

ఓక్‌బున్ మీద ఆమెకున్న పగ పాతదేం కాదు, పోయిన చలికాలానిది. ముసలమ్మ బంగారు ఉంగరం కనిపించలేదు. "ఇంకెవరు, ఈ చైనాదే తీసుంటుంది" అని మంచం మీంచే కేకలు పెట్టింది. కూతురు వచ్చింది, నర్సు వచ్చింది, అందరూ చూస్తుండగా హ్యాంగ్నాన్ సంచి నేలమీద బోర్లించారు. లోపలి బట్టలు, ఊరినుంచి తెచ్చుకున్న ఎండు పుట్టగొడుగులు, మోకాళ్ళ పట్టీలు, అన్నీ గదిలో అందరి కళ్ళ ముందూ పడ్డాయి. సాయంత్రానికి ఉంగరం ముసలమ్మ మేజోడులోనే దొరికింది. కూతురు ఒక పళ్ళరసం పెట్టె చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ముసలమ్మ ఏమీ అనలేదు. తప్పయిపోయింది అన్న ఒక్క మాట, అంతే, హ్యాంగ్నాన్‌కు కావలసింది అదొక్కటే. అది ఇంతవరకూ రాలేదు.

కాబట్టి ఆమె తన పద్ధతిలో రాబట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం మందు వేసుకుంటే ఓక్‌బున్ సీరియల్ పాట వినకముందే నిద్రపోతుంది. పొద్దున జావ తాగిస్తూ రాత్రి ఏం జరిగిందో చెప్పాల్సింది హ్యాంగ్నానే. పక్క మంచం మీద ఉండే జొమ్‌నే అనే ఆవిడ సీరియల్ చూస్తుంది కానీ చెవుడు, బొమ్మలే తప్ప మాటలు అందవు. తక్కిన నలుగురికీ ఈ లోకంతో పని లేదు. ఆ సీరియల్లో ఒక పనిమనిషి ఉంది. పేరు లేదు, మాట లేదు, టీ పళ్ళెం పెట్టి వెళ్ళిపోతుంది. హ్యాంగ్నాన్ ఆమెకు బున్‌సున్ అని పేరు పెట్టింది. అత్తగారు ఆమె మీద దొంగతనం అంటగట్టినట్టు, సంచి బోర్లించినట్టు, అప్పట్నుంచి అత్తగారి బతుకు రోజురోజుకీ దిగజారినట్టు కథ నడిపించింది. కంపెనీ పోయింది, ఒక కన్ను పోయింది, కొడుకు పోయాడు. ఇదంతా వింటూ ముసలమ్మ ఏదో ఒక పొద్దున తనను తాను గుర్తుపట్టుకుని తల దించుకుంటుందని ఆమె ఆశ.

ఇవాళ మాత్రం ఆగడానికి లేదు. ముసలమ్మ పాదాలు వాచి, గోళ్ళు నీలంగా తిరిగాయి. ఇవాళో రేపో అని డాక్టరు కూతురికి ఫోనులో చెప్పడం హ్యాంగ్నాన్ విన్నది. సీరియల్ చివరి భాగం ఈ సాయంత్రం వస్తుంది. అంతదాకా ఎవరుంటారో ఎవరు పోతారో.

"ఏమయిందే రాత్రి?" అంది ఓక్‌బున్. గొంతు బాగా లోపలినుంచి వస్తోంది.

"అయిపోయింది పెద్దమ్మా. కథ ముగించేశారు," అని అబద్ధమాడి, హ్యాంగ్నాన్ చెంచాతో జావ తీసింది.

జొమ్‌నే చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని వంగింది. "ఏమంటోందే? ఆవిడ రాత్రి కూడా ముత్యాలు వేసుకునే తిరిగిందిగా?"

"అది పాత సంగతి చూపించార్లే వదినా!" అని అరిచి, హ్యాంగ్నాన్ ముసలమ్మ వైపు తిరిగింది. "మంచు పడుతోంది. పెరట్లో జాడీల మధ్య కంకరరాళ్ళ మీద అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుంది. ఎదురుగా బున్‌సున్ గది తలుపు. 'నిన్ను దొంగ అన్నాను, నీ సంచి నలుగురిలో బోర్లించాను. తప్పు నాదే. క్షమించు తల్లీ' అంది."

ఈ మాటలు ఒక్కొక్కటే, ముసలమ్మ కళ్ళల్లోకి చూస్తూ చెప్పింది. చెంచా నోటికి ఇవతలే ఆగిపోయింది.

"మరి ఆ బున్‌సున్ ఏం చేసింది?" అని అడిగింది ఓక్‌బున్.

"తలుపేసుకుంది. ఆవిడ ఆ రాళ్ళ మీదే చచ్చిపోయింది. ఒక్కరూ ఏడవలేదు."

ఓక్‌బున్ కళ్ళు చెమర్చాయి. ఎముకల చెయ్యి దుప్పటి లోంచి వచ్చి హ్యాంగ్నాన్ మణికట్టు పట్టుకుంది. హ్యాంగ్నాన్ ఇంకా దగ్గరికి వంగింది. వచ్చేస్తోంది, ఇంక ఆ మాట వచ్చేస్తోంది.

"మంచి పని చేసింది," అంది ఓక్‌బున్. "తగిన శాస్తి జరిగింది ముసలిముండకి. మా అత్త కూడా ఇంతేనే. కాపురానికి వెళ్ళిన ఏడాదే దోసెడు బియ్యం దొంగిలించానని చెప్పులు లేకుండా మంచులో నించోబెట్టింది. అది మాత్రం కడుపు నిండా తిని నిద్రలోనే పోయింది. దాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టినవాడు లేడు. ఇన్నాళ్ళకి ఇవాళ నా కడుపు చల్లబడింది. నువ్వు చెప్తుంటే ఆ బున్‌సున్ని నేనే అనుకునేదాన్ని."

"మీరా?"

"మరెవరు?"

హ్యాంగ్నాన్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలల కష్టం! ఇంత అందంగా అల్లిన అవమానాలన్నీ ఈవిడ రోజూ పొద్దున్నే పరమాన్నంలా జుర్రుకుంది. ఇన్నేళ్ళుగా ఇన్ని సీరియళ్ళు చూసింది, టీవీ ముందు కూర్చుని తాను అత్తగారినని అనుకునే ఆడది ఈ భూమ్మీద ఒక్కతి కూడా ఉండదని తనకెందుకు తట్టలేదు? గిన్నె బల్ల మీద ఠక్కున పెట్టింది. ఇంక ఆగలేకపోయింది.

"నన్ను దొంగ అన్నారుగా పెద్దమ్మా. నా సంచి బోర్లించారుగా. అదెవరు చేశారు?"

ముసలమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. తల ఎత్తబోయి, ఎత్తలేకపోయింది.

"నిన్నా? ఎవరే అలా అన్నది? పేరు చెప్పు. మా అమ్మాయి రానీ, దాని పని పట్టిస్తాను."

మర్చిపోయిందా, నటిస్తోందా? హ్యాంగ్నాన్ ఆ ముఖాన్ని వెతికింది. ముడతలు, మచ్చలు, పెదవి మూల జావ. తన పక్షాన నిజంగానే కోపం. ఈ ముఖం మీద ఏ పగ తీర్చుకోవాలో ఆమెకు తెలియలేదు. జావ తుడిచి లేచి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఓక్‌బున్ తన అలమరలో ఉన్న, పాకంలో ఊరేసిన పీచ్ పళ్ళ డబ్బా తెరవమంది. అత్త చచ్చిన రోజు, పండగ చేసుకోవాలట. పాకం రెండు చెంచాలు మింగింది, పండు నమలలేకపోయింది. "నీ వంతు గిన్నెలో వేసుకో," అంది. హ్యాంగ్నాన్ పసుపుపచ్చటి పీచ్ పండు చెక్క ఒకటి గిన్నెలో వేసి, కిటికీ గట్టు మీద పెట్టి, ముట్టుకోలేదు.

"తినవే."

"ఆకలి లేదు."

"పొగరు," అంది ముసలమ్మ మురిపెంగా, కళ్ళు మూసుకుంటూ.

ఆ తర్వాత పనులు పనుల్లాగే సాగాయి. డైపర్లు మార్చింది, మూత్రం సంచులు పారబోసింది, మంచం మంచానికీ తిరిగి పక్కలు మార్చి పడుకోబెట్టింది. సాయంత్రం మందు ఓక్‌బున్ నాలుక మీదే కరిగింది. సీరియల్ పాట మొదలయింది. హ్యాంగ్నాన్ చేతులు కట్టుకుని మంచాల మధ్య నిలబడే చూసింది. అనుకున్నట్టే, 'మూడేళ్ళ తర్వాత.' పెరట్లో అందరూ నవ్వుతున్నారు. అత్తగారు ఒళ్ళో మనవణ్ణి పెట్టుకుని జాడీ మూత తీస్తోంది. పేరు లేని పనిమనిషి టీ పళ్ళెం దించి వెళ్ళిపోయింది.

"ఇదేంటే, చచ్చిందన్నావు! బతికే ఉందిగా!" అని జొమ్‌నే టీవీ వైపు వేలు పెట్టి అరిచింది.

ఆ అరుపుకు ఓక్‌బున్ కదలలేదు. రోజూ ఇలాంటి అరుపుకు నిద్రలోనే విసుక్కునే మనిషి. హ్యాంగ్నాన్ వంగి ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు పెట్టే ఉంచింది. తర్వాత నర్సును పిలిచే గంట నొక్కింది.

కూతురు వచ్చి ఏడ్చి, కాగితాల పని చూసుకోవడానికి కిందికి వెళ్ళింది. ఒళ్ళు తుడవడం హ్యాంగ్నాన్ వంతు. పొద్దున తుడిచినట్టే తుడిచింది, వేళ్ళ సందులు కూడా వదలకుండా. నోరు తెరుచుకోకుండా దవడ కింద తువ్వాలు చుట్టి పెట్టేముందు ఆ నోటి వైపు ఒకసారి చూసింది.

"తప్పించుకున్నారు," అంది పైకే. గొంతు కోపంగానే వచ్చింది, కానీ కళ్ళల్లో నీళ్ళు ఎందుకు తిరిగాయో ఆమెకు అర్థం కాలేదు. "ఒక్క మాట పెద్దమ్మా. ఒక్క మాట అనుంటే మీ సొమ్మేం పోయేది?"

మనుషులొచ్చి ముసలమ్మను తీసుకెళ్ళారు. రేపు ఇంకెవరో వస్తారు. హ్యాంగ్నాన్ పరుపు మీద మందు చల్లి, కొత్త దుప్పటి పరిచి, అలమరలోని సామాన్లు తీసి కూతురి చేతికిచ్చింది. వాళ్ళు వదిలేసింది ఒక్కటే. కిటికీ గట్టు మీద గిన్నెలో, పాకంలో సగం మునిగిన పీచ్ పండు చెక్క.