గర్భసంచి ఆపరేషన్ అని చెప్పు

“మల్లెపూలు తెప్పించా వల్లీ. కాస్త ఒత్తుగా మాల కట్టు. ఉష పిల్లాడికి పాలు మాన్పిస్తోందిగా, రొమ్ములకి కట్టాలి,” అంటూ తాయారు తడిగుడ్డ కప్పిన పళ్ళెం కోడలి ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

నాగవల్లి దారం అందుకుంది. దారం బిగించినప్పుడల్లా ఎడమ చంక కింద, కోసిన చోట తీగ లాగినట్టవుతోంది. ఆ చేత్తో బరువులెత్తితే వాస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కానీ గర్భసంచి తీయించుకున్న మనిషి బిందె ఎందుకు ఎడమచేత్తో ఎత్తదని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? బెజవాడ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మొగుడు సాయిప్రసాద్ తేల్చేశాడు: “ఎవరడిగినా గర్భసంచి ఆపరేషన్ అని చెప్పు. క్యాన్సర్ అన్నావంటే రేపు మన కొట్లో పప్పు కొనేవాడుండడు.” సొంత చెల్లెలు ఉషశ్రీకీ అదే చెప్పాడు. ఆమె అత్తారిల్లు నందిగామ. అక్కడ తుమ్మితే ఇక్కడ జగ్గయ్యపేటలో వినపడుద్దని తాయారు భయం.

కాబట్టి వల్లి జాకెట్లో ఎడమవైపు పాత చీరముక్క మడిచి పెట్టుకుంటుంది. వంగి ఊడిస్తే అది గొంతు దాకా ఎగబాకుతుంది. గోడమీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకెత్తే వ్యాయామం స్నానాలగదిలో గడియ పెట్టుకుని చేస్తుంది. “ఎంతసేపే లోపల!” అని బయట కేకలు. వీటన్నిటికీ అలవాటు పడింది. అలవాటు కానిది ఒక్కటే. మూడేళ్ళ పాప నిద్రలో గుండెల మీదికి దొర్లితే నొప్పికి తట్టుకోలేక నెట్టేసింది. పాప ఏడవలేదు. మర్నాటి నుంచి నానమ్మ పక్కలో పడుకుంటోంది.

పాపకి పాలు మాన్పించినప్పుడు తనకీ ఇలాగే పూలు కట్టారు. పాలు ఇంకాయి, గడ్డ మిగిలింది. “పాలగడ్డేలే, పూలు మార్చు,” అంది అత్తగారు. ఆ వేసవంతా మార్చింది. ఇంటర్ సగంలో ఆపేసి పీటల మీద కూర్చున్నదానికి పెద్దవాళ్ళకంటే ఎక్కువ తెలుసా అనుకుంది. అత్తగారిని ఏమనుకుంటుంది? ఆవిడకీ ఆవిడ అత్త అదే కట్టింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నందుకు తన మీదే తనకి కోపం. నొప్పి పుడితేనే ఆడదాని మాట వినాలని తనకి ఎవరు నేర్పారో!

బాబుని ఉయ్యాల్లో వేసి ఉషశ్రీ వచ్చి పక్కన కూలబడింది. “తొందరగా కట్టు వదినా. కుడివైపు రాయిలా ఉంది. వీడు కడుపులో ఉన్నప్పట్నుంచీ చిన్న గడ్డ, ఇప్పుడు పెద్దదైంది. నొప్పేం లేదులే.”

వల్లి వేళ్ళు ఆగాయి. “డాక్టరుకి చూపించావా?”

“దీనిక్కూడా డాక్టరేంటి! అమ్మ పాలగడ్డేనంది, పూలు కడితే కరుగుద్దంట. నీకూ కట్టిందంటగా. పోయిందా?”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. తాయారు గుమ్మంలోకి వచ్చింది. “దాని సంగతెందుకే ఇప్పుడు! వల్లీ, నువ్వు మాల కట్టు,” అంది. గద్దించబోయింది కానీ ఆ గొంతు బతిమాలినట్టే వినపడింది. వల్లి నిజం చెబితే సాయంత్రం సాయిప్రసాద్ ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. పుట్టింటికి పొమ్మన్నా అంటాడు. అప్పుడు పాప ఎవరి దగ్గర? వల్లి దారం కింద పెట్టింది. ఉష మాత్రం జవాబు కోసం నవ్వుమొహంతో చూస్తోంది, తనూ ఒకప్పుడు అంత ధీమాగానే ఉండేది.

వల్లి ఉష చెయ్యి పట్టుకుని తన ఎడమ పైట కిందికి తీసుకెళ్ళి అదిమింది. ఉష మొహంలో నవ్వు చెదిరింది. చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, వల్లి వదల్లేదు.

“పోలేదు ఉషా. నాకు కోసింది గర్భసంచి కాదు.”

తాయారు గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. వల్లి ఆవిడ వైపు చూడకుండానే లేచింది.

“చెప్పులేసుకో, బెజవాడ వెళ్దాం. పిల్లల్ని అత్తయ్య చూసుకుంటారు.”