ఉతికాం, ఉతుకుతున్నాం, ఉతుకుతాం

ఆస్పత్రి లాండ్రీలో పద్నాలుగేళ్లుగా దుప్పట్లు ఉతుకుతున్నాను. సబ్బునీళ్లలో నానీ నానీ వేళ్ల సందులు పాసిపోయాయి. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయిందనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కుర్చీ దక్కితే ఇక తడిబట్ట ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే షిఫ్టు దిగేటప్పుడు ఏ పని ఎంతవరకు వచ్చిందో పుస్తకంలో ఇంగ్లీషులో రాయాలి.

నా తోడికోడలు కూడా అక్కడే, బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆ పోస్టు మీద తనకీ ఆశే. ఇద్దరికీ మా అమ్మాయే పంతులమ్మ. స్నానాలగదిలో మూడు బకెట్లు పెట్టి మరీ చెప్పింది. అయిపోయినదానికి చివర ‘డ్’ తగిలించాలి, వాష్డ్. అవుతున్నదైతే ‘ఆర్ వాషింగ్’. ఇంకా చెయ్యాల్సినదైతే ముందు ‘విల్’. బియ్యం కడుగుతూ కూడా నేను వల్లెవేశాను. తోడికోడలు మొదటి బకెట్ దాటలేదు.

“అయిపోయింది అనడం వస్తే చాలదా అక్కా? మిగతావి నాకెందుకు?” అని నవ్వింది.

నిజమే మరి. మా లాండ్రీలో ఏ షిఫ్టువాళ్లైనా అన్నీ అయిపోయాయనే రాస్తారు. మిషన్‌లో తిరుగుతున్నవీ, మూలన మూటల్లో పడున్నవీ అయిపోయినట్టే. తర్వాత వచ్చినవాళ్లు తిట్టుకుంటూ ఉతుకుతారు, దిగేటప్పుడు వాళ్లూ అదే రాస్తారు.

పరీక్ష రోజు మేనేజర్ మా ఇద్దర్నీ మిషన్ల మధ్య నిలబెట్టి, “ఇక్కడ పని ఎంతవరకు వచ్చిందో రాయండి,” అన్నాడు. కళ్లతో చూసిందల్లా రాశాను. వార్డు దుప్పట్లు ఉతికాం. దిండు గలీబులు ఉతుకుతున్నాం. ఆపరేషన్ గది బట్టలు రేపు ఉతుకుతాం. తోడికోడలు మూడు ముక్కల్లో తేల్చేసింది. అన్నీ ఉతికాం, ఆరేశాం, మడతపెట్టాం.

“ఇంగ్లీషు బాగుందమ్మా,” అన్నాడు మేనేజర్ నా కాగితం చూసి. “కానీ ఈ పుస్తకం పైవాళ్లు చూస్తారు. ‘రేపు’ అన్న మాట కనపడితే నన్ను ఉతికి ఆరేస్తారు.”

కుర్చీ తోడికోడలికిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

వారం తిరక్కుండానే ఆమె పుస్తకం పట్టుకొచ్చింది. “నీ రాత బాగుంటుందక్కా, నువ్వే రాసిపెట్టు. సంతకం నేను పెడతాలే.”

రాయనన్నాను. మర్నాడు ఆపరేషన్ గది నెత్తుటి మూటలు విప్పే పని నాకు వేసింది. ఆ మర్నాడూ అదే. మూడోరోజు నేనే వెళ్లి పుస్తకం అడిగి తీసుకున్నాను. ఎదురుగా విప్పని మూటలు అయిదున్నాయి. అన్నీ ఉతికామని, ఒక్క తప్పు లేకుండా రాసిచ్చాను.