తలుపు దగ్గరి రిజిస్టరు

ముప్పై నాలుగేళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని పరాయివాళ్ల రాకపోకలు రాసిన మనిషికి, రిటైరవగానే చేతులు ఊరుకుంటాయా? ఊరుకోవు. జబ్బు భయంతో ఊరంతా తలుపులు బిగించుకున్న ఆ చలికాలంలో టైమ్‌కీపర్ గారికి మళ్లీ ఉద్యోగం దొరికినంత సంబరమైంది. పైకి మాత్రం సంబరం అనలేదు, జాగ్రత్త అన్నాడు.

చెప్పుల స్టాండు మీద ఒక పొడుగాటి రిజిస్టరు వెలిసింది. స్కేలు పెట్టి గీతలు గీశాడు. తేదీ, పేరు, బయటికి, లోపలికి, పని, రిమార్కులు. పాలవాడు గుమ్మం దాటకపోయినా ఎంట్రీయే. భార్య చెత్తబుట్ట బయట పెట్టి వచ్చినా ఎంట్రీయే. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. అవతలివాళ్లు ఎంత అరిచినా గొంతు పెంచకుండా మాట్లాడటం ఆవిడకు అలవాటు. చెత్తబుట్టకి కూడా మాస్కు తగిలించమంటారా అని ఒకసారి నెమ్మదిగా అడిగింది. ఆయనకు నవ్వు రాలేదు.

ఫ్యాక్టరీలో ఆయనవి రెండు సూత్రాలు. ఒకటి, రిజిస్టరులో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు. బయటికి వెళ్లిన ప్రతివాడూ లోపలికి వచ్చినట్టు రాసేదాకా ఆయన కుర్చీలోంచి లేచేవాడు కాదు. రెండోది, రాయడం మరిచిపోయిన ఎంట్రీ ఏదైనా తర్వాత రాయాల్సి వస్తే ఎర్ర సిరాతో రాసి, కింద తప్పు చేసినవాడు సంతకం పెట్టాలి. తన సంతకం ఎర్ర సిరా కింద ఒక్కసారి కూడా పడలేదని రిటైర్మెంటు నాడు మైకులో చెప్పుకున్నాడు కూడా.

మేడ మీదికి వెళ్తే మాత్రం ఎంట్రీ అక్కర్లేదు. మేడ ఇంట్లో భాగమేనని ఆయనే తీర్మానించాడు. ఎవరి చేతిలో కలం ఉంటే రూలు వాళ్లదే కదా. రోజూ నాలుగింటికి మాస్కు తగిలించుకుని, మేడ మీద నాలుగు అడుగులు వేసొస్తానని వెనక మెట్ల వైపు వెళ్లేవాడు. మెట్లన్నాక పైకే కాదు, కిందికీ ఉంటాయి. కిందికి దిగి, వెనక సందులోంచి వెళ్తే మూడో షాపు సెలూను. షట్టరు సగం దించి ఉండేది. లోపల ఫ్యాక్టరీలో కలిసి పనిచేసిన ఇద్దరు పాత మిత్రులూ, సెలూనాయనా, ఒక చదరంగం బల్లా. మాస్కు పెట్టుకుని ఎత్తు ఆలోచించడం ఎవరి వల్లా కాదని మొదటి రోజే అందరూ మాస్కులు తీసి మేకులకి తగిలించారు. కంచే చేను మేసిందంటే ఇదే. పట్టపగలు, చక్కగా కూర్చుని మేసింది.

అలా తొమ్మిది రోజులు వెళ్లాడు. తొమ్మిదో రోజు సెలూనాయన ఒకటే దగ్గుతున్నాడు. దుమ్ము అన్నాడు. మూడు రోజులకి ఈయన గొంతులో గరగర మొదలై, ముక్కు కారింది. చలికి అన్నాడు. ఆవిరి పట్టుకుని, భార్య చూడకుండా మాత్ర మింగేశాడు. చెప్తే ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతుంది. ఎక్స్ఛేంజి బుర్ర, ఏ తీగ ఎక్కడ కలిసిందో ఇట్టే పట్టేస్తుంది.

అదైన రెండో రోజు పై అంతస్తు టైలరమ్మ వచ్చింది. తల్లితో ఉంటోంది. ఆ తల్లికి ఎనభై దాటాయి, కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని కూతురికి గుండీలు కుట్టి పెట్టేది. టైలరమ్మకీ టైమ్‌కీపర్ గారి భార్యకీ వదినా వదినా అంటూ పదేళ్ల స్నేహం. చలికి ఎముకలు కొరుకుతున్నాయి, దూది పెట్టి ఒక కోటు కుట్టిపెట్టు అని ఈవిడే ఫోన్ చేసి పిలిచింది. వచ్చింది, కొలతలు తీసుకుంది, వెళ్లింది. పదకొండు నిమిషాలు. టైలర్లకు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే అలవాటు. అందుకని పని చేస్తున్నంతసేపూ మాస్కు గడ్డం కిందికి జారింది. టైమ్‌కీపర్ గారు కుర్చీలోంచి చూసి, రిమార్కుల గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: మాస్కు గడ్డం కింద.

మరో నాలుగు రోజులకి భార్యకి జ్వరం. ఆ తర్వాత ఆయాసం. ఆస్పత్రిలో ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆయనకీ పరీక్ష చేస్తే ఉందన్నారు. పాపం, పెళ్లానికి చాకిరీ చేసి అంటించుకున్నాడని బిల్డింగంతా జాలిపడింది. ఆ జాలి ఆయనకి మింగుడుపడేది కాదు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పకపోగా, మీ ఇంటికి ఎవరెవరు వచ్చారండీ అని బిల్డింగు సెక్రటరీ ఫోన్ చేస్తే, రిజిస్టరు పేజీ ఫోటో తీసి బిల్డింగు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పది రోజుల్లో గుమ్మం దాటి లోపలికి వచ్చిన పేరు ఒక్కటే ఉంది. దాని పక్కన రిమార్కు కూడా ఉంది. ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. బట్టలు ఇవ్వడం మానేశారు, అంతే. మెట్ల మీద టైలరమ్మ ఎదురైతే గోడకి అతుక్కుపోయేవాళ్లు.

ఈలోగా టైలరమ్మా పడకేసింది. తను లేచింది గానీ తల్లి లేవలేదు. సెలూనాయనకి కూడా వచ్చి తగ్గిందని, తొమ్మిదో రోజు దగ్గు అదేనని మిత్రుడు ఫోన్‌లో చెప్పినప్పుడు, దొంగకి తేలు కుట్టినట్టు టైమ్‌కీపర్ గారు కుర్చీలో బిగుసుకుపోయాడు. ఎటు నుంచి ఎటు పోయిందో ఆయనకి వేలు పెట్టి చూపించగలిగేంత స్పష్టంగా తెలిసింది. పైనుంచి కిందికి రాలేదు. కిందినుంచి పైకి వెళ్లింది.

భార్య ఇంటికొచ్చింది. ముక్కుకి వాసన తెలియడం లేదు. పాలు పొంగి మాడినా ఆయనే వచ్చి స్టవ్ ఆపాలి. ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే ఎప్పుడో కోటు తయారై, కవర్లో పెట్టి తలుపు గొళ్లేనికి తగిలించి ఉంది. ఆయన దాన్ని తెచ్చి, బయటి వస్తువులన్నిటితో పాటు మూడు రోజులకని బాల్కనీలో పెట్టాడు. మూడు వారాలైంది. చలికి వణుకుతూ కూడా ఆవిడ దాని వంక చూడలేదు. ఎందుకు చూడటం లేదో ఆయన అడగలేదు. కోపం అనుకున్నాడు. ఆ కోపం టైలరమ్మ మీద ఉన్నంతకాలం తన మీదికి రాదని లోపలెక్కడో ఒక నీచపు ఊరట కూడా ఉండేది. అది తెలిసి తనమీద తనకే రోత పుట్టేది.

శనివారం ఉదయం పైనుంచి సామాన్లు ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. టైలరమ్మ ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతోందని, మర్నాడే వ్యాను వస్తుందని పాలవాడు చెప్పి వెళ్లాడు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, వాసన లేని టీని చూస్తూ భార్య అంది.

"ఆవిడ తప్పేం లేదండీ. పిలిచింది నేను. నా కోటుకి దూది కోసం బజారుకి వెళ్లే అంటించుకుని ఉంటుంది. పిన్నులు నోట్లోంచి తీసి మాస్కు పెట్టుకో వదినా అని ఒక్క మాట అనాల్సింది కూడా నేనే. మొహమాటపడ్డాను. ఆ పెద్దావిడ నా కోటు మూలాన పోయింది. ఏ మొహం పెట్టుకుని వేసుకోను దాన్ని?"

ఆవిడది కోపం కాదు. ఇన్నాళ్లూ ఆవిడ కూడా తన తప్పునే మోస్తోంది, ఆయన పక్కనే కూర్చుని. ఆయన గ్లాసు కింద పెట్టాడు. లేచి సొరుగులో వెతికి ఎర్ర పెన్ను తీశాడు. ఆరిపోయి ఉంటే కాగితం మీద గీకి గీకి రాయించాడు. రిజిస్టరు తెరిచి తొమ్మిది వరసలు రాశాడు. తన పేరు, బయటికి నాలుగు, లోపలికి ఐదున్నర, పని సెలూనులో చదరంగం. రిమార్కుల గడిలో తొమ్మిది సార్లూ మాస్కు లేదు అని రాశాడు. పదో వరసలో, టైలరమ్మ రావడానికి రెండు రోజుల ముందు తేదీ వేసి, జలుబు, దాచాను అని రాశాడు. సంతకం పెట్టి భార్య ముందు పెట్టాడు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. మళ్లీ చదివింది. ఆస్పత్రిలో తనకి ఆక్సిజన్ గొట్టం పెట్టినప్పుడు కూడా మీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు. ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండు అనిపించింది ఆయనకి.

ఆవిడ లేచి బాల్కనీలోకి వెళ్లి, కవరు విప్పి, కోటు వేసుకుంది. సరిగ్గా సరిపోయింది. గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ, వాటిని వేళ్లతో తడుముకుంటూ నిలబడింది. ఆ గుండీలు కుట్టింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"గ్రూపులో తర్వాత పెడుదురు గాని. ముందు పైకి వెళ్లండి," అంది. "నేను రేపు వెళ్తాను. మీతో కలిసి వెళ్లను. ఆవిడ ఏమంటే అది వినండి. మధ్యలో మాట్లాడకండి."

రిజిస్టరు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. అన్ని రోజులు మేడకి వెళ్తున్నానని చెప్పినవాడు, ఆ మెట్లు నిజంగా ఎక్కడం ఎన్నాళ్లకో. తలుపు తీసే ఉంది. కుట్టుమిషనుకి దుప్పటి చుట్టి తాడు కట్టారు. కిటికీ దగ్గర మంచం మడిచి గోడకి చేరేశారు. టైలరమ్మ ఆయన్ని చూడగానే మాస్కు సరిచేసుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది. తనకి భయమేసి కాదు, ఆయనకి భయమేస్తుందని. 

ఆయన రిజిస్టరు గుమ్మం పక్కనున్న పెట్టె మీద పెట్టి తను వెనక్కి జరిగాడు. ఆవిడ వేలు పెట్టి వరసలు చదివింది. బట్ట కొలిచినట్టు తేదీ నుంచి తేదీకి వేలు జరిపింది. తన పేరున్న వరస దగ్గర ఆగి, మళ్లీ ఎర్ర వరసల దగ్గరికి వచ్చింది.

"అయితే నేను తేలేదన్నమాట," అంది.

తేలేదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ మిషను స్టూలు మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు, దానికి సిద్ధపడే వచ్చాడు. ఆవిడ మడిచిన మంచం వైపు చూస్తూ మామూలుగా చెప్పింది.

"చివరి రెండు రోజులూ అమ్మ చెయ్యి పట్టుకోమని అడిగింది అన్నయ్యా. నేను పట్టుకోలేదు. నావల్లేగా వచ్చింది, ఇంకా ఎందుకు ముట్టుకోవడం అని తలుపు దగ్గర కూర్చున్నాను. తలుపు దగ్గర్నుంచే మాట్లాడాను."

మధ్యలో మాట్లాడకండి అని భార్య చెప్పింది.  క్షమించమ్మా అనే మాట నోటి దాకా వచ్చి, అది కూడా తన కోసమే అడుగుతున్నట్టు తోచి వెనక్కి పోయింది.

"పెన్ను తెచ్చారా?" అని అడిగింది.

జేబులోంచి తీశాడు.

"అమ్మ పేరు రాయండి."

రాశాడు. తేదీ తనే చెప్పింది. బయటికి అన్న గడిలో ఉదయం ఆరూ నలభై అని రాయమంది. అదీ రాశాడు. పెన్ను తర్వాతి గడి మీదికి వచ్చి అలవాటుగా ఆగింది. లోపలికి. ఆగిన చోట కాగితం మీద ఎర్ర చుక్క పడింది.

"అది ఖాళీగా ఉంచండి," అంది టైలరమ్మ. "కింద సంతకం పెట్టండి."

పెట్టాడు.