మూసిన రెప్పల మీద కళ్ళు

గ్రేసమ్మ బేసిన్‌లో ఫోటోలు కడుగుతోంది. నీళ్ళలో నానిన వేళ్ళ కొనలు ముడతలు పడ్డాయి. ఒక పెళ్ళికొడుకు, ఒక మునసబు, పోయినవారం చనిపోయిన కారంపూడి పిల్ల ఆ నీళ్ళలో ఒకరి మీద ఒకరు కదులుతున్నారు.

నరసరావుపేటలో వాళ్ళ ఇంటి ముందుగదే స్టూడియో. భర్త జ్ఞానయ్య ఫోటోలు తీస్తాడు. ఆమె కడిగి, ఆరబెట్టి, మచ్చలు దిద్దుతుంది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటోలకు కళ్ళు పెట్టేదీ ఆమే. మూసిన రెప్పల మీద సన్నకుంచెతో తెలుపు, నడుమ నలుపు. గోడ మీది మనిషి తమను చూస్తూ ఉండాలంటారు జనం.

ఈ పనిలో పడ్డాక ఆమె చూపే మారిపోయింది. సంతలో ఎవరెదురైనా ముక్కు పక్కన నీడ, కంట్లో వెలుగుచుక్క ముందు కనిపించేవి. అట్లా చేరిన వందల ముఖాల కింద కూతురు మేరీ ముఖం ఎక్కడో నలిగిపోయింది. "పిల్లలు కదుల్తారే, ఫిలిం దండగ" అంటూ జ్ఞానయ్య ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఐదేళ్ళ పిల్ల జ్వరంతో పోయిననాడు అతను అమరావతిలో ఎవరి పెళ్ళికో ఫోటోలు తీస్తున్నాడు.

కారంపూడి పిల్ల ఫోటో ఆరింది. ఎడమకన్ను పెట్టి గ్రేసమ్మ ఆగిపోయింది. కుడికన్ను దానంతటదే వచ్చింది. కాస్త పైకి, ఏదో అడగబోతున్నట్టు. అన్నం వద్దనే ముందు మేరీ అట్లాగే చూసేది.

"ఏమయ్యా, ఇది మనం ఉంచుకుందాం. వాళ్ళకి ఇంకోటి దిద్దుతా."

"ఏందే నీ పిచ్చి? పరాయోళ్ళ శవం మన గోడకెందుకు?"

"మన మేరీ చూపయ్యా ఇది."

జ్ఞానయ్య ఫోటోను వెలుతురుకు తిప్పి చూశాడు. "నాకేం అట్ట అనిపించట్లా. కావాలంటే ఇంకోటి దిద్దుకో."

అదే చూపు మళ్ళీ తెద్దామని ఇంకొక కాపీ తీసుకుని కూర్చుంది. సంతలో బొమ్మకున్నట్టు రెండు గుడ్లు వచ్చాయి. తుడిచేసింది.

ఇంతలో కారంపూడి పిల్ల తల్లి లీలావతి వచ్చింది. మొదటి ఫోటోను చానాసేపు చూసింది.

"మా పిల్లవి చిన్నకళ్ళక్కా. ఇట్ట చూసేది కాదు."

గ్రేసమ్మ చప్పున చెయ్యి చాచింది. "ఇటియ్యమ్మా, మళ్ళీ దిద్దుతా."

లీలావతి ఫోటోను గుండెకు ఆనించుకుంది. "వద్దులే. నన్నే చూస్తంది. ఇట్టనే ఉండనీ."

"చూశావా, నచ్చింది" అన్నాడు జ్ఞానయ్య భార్యతో, నవ్వుతూ.

లీలావతి ఆ ఫోటోతో వెళ్ళిపోయింది. గ్రేసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

"యాడికే? ఆ ఫోటోలు నానిపోతయ్!"

ఆమె బేసిన్ వైపైనా చూడలేదు. గడప దాటింది, వీధి మలుపు కూడా దాటింది.

బల్ల మీద రెండో ఫోటో అంచులు చుట్టుకుంటూ ఆరుతోంది, రెప్పల మీద తుడిచిన నలుపుతో.