శాలువా కింద మనిషి

సరళాదేవి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ హాలు గోడను చూస్తూనే ఉంది. అన్నీ మగవాళ్ల పటాలే. ఆడవాళ్లవి ఏవని అడిగితే, గోషాలో ఉండేవాళ్లను ఫొటో ఎవరు తీస్తారని భర్త జగన్మోహన్‌రావు నవ్వేసేవాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండేది.

గోడకు మకుటంలాంటిది ఆయన తాత పసితనపు ఫొటో. పద్దెనిమిది వందల తొంభైలలో తీయించింది. ఇంట్లో ఫొటో ఉండడమే అప్పట్లో దొరతనం. శాలువా కప్పిన ఎత్తు కుర్చీలో, పాకడం కూడా రాని బాబు నిటారుగా కూర్చున్నాడు. “ఎవలి ఆసరా లేకుంట కూసున్నడు. పుట్టుకతోనే దొర” అని రావుగారు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో పటానికి చెద పట్టింది. కూతురు దేవకి పెళ్లిలోపు కొత్త పటం కట్టించాలని దంపతులు కరీంనగర్‌లోని అబ్రహాం స్టూడియోకు తీసుకెళ్లారు. అబ్రహాం చట్రం విప్పగానే, ఇన్నాళ్లూ చెక్క కింద దాగిన కింది అంచు బయటపడింది. కుర్చీ కాళ్లుండాల్సిన చోట మెట్టెలు పెట్టుకున్న రెండు పాదాలున్నాయి.

సరళాదేవి బల్ల మీదికి వంగి చూసింది.

“అప్పట్ల ఫొటోకు చానసేపు కదలకుండ ఉండాలె, దొరా” అన్నాడు అబ్రహాం. “పిల్లగాండ్లను తల్లులు ముసుగుల కూసొని పట్టుకునేటోళ్లు.”

రావుగారి ముఖం చిన్నబోయింది. “పెండ్లికి వచ్చినోళ్లు నవ్వుతరు. కాళ్లు కనవడకుండ రంగు కొట్టు.”

అబ్రహాం కుంచె అందుకున్నాడు.

“జర ఆగు” అంది సరళాదేవి. “ఇన్నేండ్లకు గా గోడ మీద ఒక్క ఆడమనిషి దొరికింది. రంగు కొడితే, గా పటానికి నేను దండ వెయ్య. మీరే ఏసుకోండ్రి.”

రావుగారు భార్యను చూశాడు, పాదాలను చూశాడు. ఆ మెట్టెల వేళ్లు నేలను గట్టిగా అదిమిపట్టి ఉన్నాయి. బిడ్డ కదలకూడదని ఎంత బిగబట్టిందో తల్లి.

“ఉండనీ” అన్నాడు మెల్లగా.

పెళ్లినాడు సరళాదేవి కొత్త పటం అద్దం మీద, ఆ పాదాలకు పసుపు రాసింది. బొట్టు పెట్టబోయి చెయ్యి ఆపింది. ఎక్కడ చూసినా శాలువాయే.

రావుగారు పక్కకు వచ్చి నిలబడ్డాడు. తాత నెత్తి మీద నుంచి వేళ్లతో కొలిచి, శాలువా మీద ఒకచోట చూపించాడు.

“గీడ ఉంటది నొసలు. పెట్టు.”

ఆమె పెట్టింది.