సోమవారం కాటా

“ఒసే గుంటా, నెమ్మదిగా ఎక్కే! కాటా ఇరిగిపోతే రేపట్నించి సేపలు నీ నెత్తి మీద తూసుకోవాల.”

జెట్టీ మీద చేపలు తూచే దాలయ్య ప్రతి సోమవారం ఇలాంటిదే ఏదో ఒకటి అంటాడు. గంపలతో నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వుతారు. నేను చెప్పులు విప్పి, పొలుసులు అంటుకున్న ఆ ఇనప పలక మీద తల వంచుకుని నిలబడతాను. వేలానికి వచ్చినవాళ్ళందరికీ వినబడాలని దాలయ్య ఏది తూచినా అరిచి చెబుతాడు. నన్ను తూచినా అంతే. “యాభై రెండూ!” అని అరిచాడు ఆ రోజు. “పాటెవులు పాడతారేటి?” అంది వెనకనుంచి ఒకామె. నేను నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే పొగరంటారు.

నా మూత్రపిండాలు చెడి ఒళ్ళంతా నీరు పట్టినప్పుడు మా ఊరినుంచి పెద్దాసుపత్రికి తెచ్చారు. నెల రోజులున్నాను. నీరు తీసేసి, రోజుకి ఆరు బిళ్ళలు రాసి, ఉప్పు మానమని పంపేటప్పుడు డాక్టరమ్మ నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. “ఈ బిళ్ళలతో మొహం గుండ్రంగా అవుతుంది, ఒళ్ళొస్తుంది. భయపడకు. ఒళ్ళు నెమ్మదిగా వస్తుంది, నీరు ఒక్కసారిగా వస్తుంది. ప్రతి సోమవారం బరువు చూసి ఇందులో రాయి. వారంలో రెండు కిలోలు పెరిగితే నేనిచ్చిన తేదీదాకా ఆగకుండా వచ్చెయ్. బిళ్ళలు మాత్రం నీ అంతట నువ్వు తగ్గించకు” అంది. ఆసుపత్రికి దగ్గరని, అమ్మ నన్ను హార్బరు పక్కన ఉన్న మా పెద్దమ్మ గురువమ్మ ఇంట్లో వదిలి వెళ్ళింది. ఈ పేటలో మనిషి నిలబడగల కాటా జెట్టీ మీద ఒక్కటే ఉంది.

పెద్దమ్మ ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. పొద్దున్నే కుళాయి నీళ్ళు, ఆ తరవాత గిన్నెలు, ఆ తరవాత గంపలకొద్దీ చేపలు. కోసి, కడిగి, ఉప్పు పట్టించి, ఇసకలో వలల మీద ఆరబెట్టి, కాకులు వాలకుండా చూసి, మధ్యాహ్నం తిరగెయ్యాలి. మోచేతులదాకా ఉప్పు. వేళ్ళమీద గాట్లలో మండే ఉప్పు. ఆ చేతులే కడుక్కుని ఉప్పులేని అన్నం ముందు కూర్చుంటాను. అప్పుడు వస్తుంది పెద్దమ్మ మాట. “జబ్బుదన్నారు గానీ తిండికి జబ్బు లేదే. కూకుని తినీసి డ్రమ్ములాగ అయిపోనావు.” కూర్చున్నది ఎప్పుడో నాకు తెలియదు. అడగలేదు. అడగడం నాకు ఎవరూ నేర్పలేదు. పుస్తకంలో బరువు రాసినచోట కింద చిన్న అక్షరాలతో ఆవిడ అన్న మాటలు కూడా రాసుకునేదాన్ని. 48, 49, 50, 51, 52. రాసి చూసుకుంటే మాటలు కూడా వారం వారం పెరుగుతూ కనబడేవి.

అద్దంలో మొహం నాది కాదు. బుగ్గలు కళ్ళని మింగేశాయి. రవికల కుట్లు విప్పి విప్పి ఇక విప్పడానికి గుడ్డ లేదు. ఇంతలో ముసలమ్మ అత్త కబురు పెట్టింది. ఆవిడ నాన్నకి చెల్లెలు. కొడుకు దొరబాబుకి నన్ను అడుగుతానని నా చిన్నప్పటినుంచీ అంటోంది. పండగ వెళ్ళాక చూడ్డానికి వస్తానంది. ఆవిడ రోజూ జెట్టీ మీదే చేపలు కొంటుంది.

“ఇంక కాటా కాడికెల్లకు” అంది పెద్దమ్మ. “ఆ దాలిగాడు అరిసిందల్లా మీ అత్త సెవిని పడతాది. ఈ ఒళ్ళు బిళ్ళల ఒళ్ళే కదేటి? బిళ్ళలు తగ్గిత్తే ఒళ్ళూ తగ్గుద్ది.” మందుల డబ్బా తీసుకుని తన ట్రంకు పెట్టెలో పెట్టింది. మర్నాడు నా చేతిలో మూడు బిళ్ళలు పోసింది.

నేను పదో తరగతి చదివాను. ఆరుకీ మూడుకీ తేడా తెలియనిదాన్ని కాదు. డాక్టరమ్మ మాట ఒక్కటీ మరిచిపోలేదు. అయినా ఆ మూడూ మింగి నీళ్ళు తాగాను. లోపల ఎక్కడో సంతోషం వేసింది. నా పాత మొహం వెనక్కి వస్తుందనుకున్నాను.

రెండు సోమవారాలు పుస్తకంలో ఏమీ రాయలేదు. మూడో సోమవారం పొద్దున్న చెప్పులు పట్టలేదు. చీలమండ దగ్గర వేలుతో నొక్కాను. గుంట పడింది. మెల్లగానైనా పూడుతుందని చూస్తూ కూర్చున్నాను. పూడలేదు.

పెద్దమ్మకి చూపించాను. “సేపల కాడ నిలబడితే ఎవులికైనా కాళ్ళు వాత్తాయి. ఎల్లి ఆ గంప దించు” అంది.

గంప దించలేదు. పుస్తకం తీసుకుని జెట్టీకి నడిచాను. వేలం మంచి జోరు మీద ఉంది. ముసలమ్మ అత్త ముందు వరసలోనే ఉంది. నేను కాటా ఎక్కాను.

“యాభై తొమ్మిదీ!”

అందరూ నవ్వారు. పెద్దమ్మ వెనకే పరుగున వచ్చింది. “దిగే! దిగు! మీ అత్త సూత్తంది!”

“ఇంకోపాలి సూడు దాలయ్య మావా” అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

“సూసీసినానే. యాభై తొమ్మిదే. ఏం, తగ్గిత్తే గానీ దిగవేటి?”

పావడా అంచు పైకెత్తి కాలి మీద వేలు పెట్టి నొక్కి, ఆ గుంట వాళ్ళందరికీ చూపించాను. నవ్వు ఆగింది. దాలయ్య పక్కకి చూశాడు.

“ఓలమ్మా, ఇది ఒళ్ళు కాదు, జబ్బు” అంది ముసలమ్మ అత్త. “మా వోడికి దీన్ని అంటగడదామనుకున్నావేటే గురువమ్మా?”

ఆ మాట నాకు గుచ్చుకోలేదు. అదే ఆశ్చర్యం. బస్సు స్టాపు వైపు నడిచాను. “సంబంధం సెడగొట్టీసినావు, మీ అమ్మకేటి సెప్పమంటావే నన్ను?” అని తిడుతూనే పెద్దమ్మ బస్సెక్కింది. ఆసుపత్రిదాకా తిడుతూనే ఉంది. డాక్టరమ్మ గది ముందుకి వచ్చాకే నోరు మూసింది.

డాక్టరమ్మ నా కాళ్ళు చూసింది. పుస్తకం తిరగేసింది. చిన్న అక్షరాల మీద వేలు పెట్టి అవి కూడా చదివింది. తరవాత పెద్దమ్మ వైపు చూసి కోపంగా అడిగింది. “బిళ్ళలు ఎవరు తగ్గించారు?”

పెద్దమ్మ మొహం పాలిపోయింది. మొదటిసారి నా వైపు బతిమాలుతున్నట్టు చూసింది.

“మేమిద్దరం” అన్నాను. “ఇంకనుంచి డబ్బా నా దగ్గరే ఉంటాది.”